32 డిగ్రీల దగ్గర పోయిన పరువు

నా ఎం.టెక్ ప్రాజెక్టు నిన్నటితో గట్టెక్కింది. మోటారు గానీ, కరెంటుతో అయస్కాంతంగా మారి కవాటాన్ని కదిపే సోలినాయిడ్ గానీ లేకుండా, ఆవగింజకన్నా చిన్న జెల్ ముక్కతో నీటిదారిని తెరిచి మూసే కవాటం తయారు చేయడం నా పని. పీనిపామ్ అనే ఆ జెల్ సుమారు 32 డిగ్రీల సెల్సియస్ లోపు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, అది దాటితే నీటిని వదిలేసి ముడుచుకుంటుంది. కాబట్టి కింద అమర్చిన రెసిస్టర్‌కు కరెంటు ఇస్తే అది వేడెక్కి, జెల్ ముడుచుకుని దారి తెరుచుకోవాలి, ఆపితే మూసుకోవాలి.

సర్క్యూటు ఒక్క సాయంత్రంలో పూర్తయింది. రసాయనం కోసం మాత్రం స్టోర్స్ వారు రెండు నెలలు తిప్పించారు. మూడు కొటేషన్లు ఇచ్చాక నాలుగోది ఏదని అడిగిన గుమాస్తాగారిని నేనింకా క్షమించలేదు. రెండు మిల్లీమీటర్ల మందంతో చేసిన మొదటి ముక్క ఉబ్బడానికి గంటలు పట్టింది. నీరు లోపలికి ఇంకే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, అర మిల్లీమీటరుకు తగ్గించేసరికి నిమిషాల్లోకి వచ్చింది.

మే నెలలో రివ్యూ జరిగింది. ఉదయం ల్యాబులో చక్కగా పనిచేసిన కవాటాన్ని ఏసీ పాడైన సెమినార్ హాలుకు తీసుకువెళ్లి, నా వంతు కోసం గంటన్నర కూర్చున్నాను. తీరా పిలిచాక చూస్తే, గాజులా ఉండవలసిన జెల్ గంజిలా తెల్లబడి ఉంది. స్విచ్చి వేయకముందే నీరు కారడం మొదలై, పరీక్షకులవారి మార్కుల కాగితం అంచు తడిసింది. నేను ట్రాన్సిస్టర్ మార్చాను, తీగలు పీకి మళ్లీ కలిపాను, చివరికి బ్యాటరీని కూడా అనుమానించాను. "బాబూ, ఇది కవాటమా, కారుతున్న కుళాయా?" అని ఆయన అడగగానే హాలంతా నవ్వింది. ల్యాబుకు తిరిగి వచ్చిన అరగంటకు జెల్ ఏమీ ఎరగనట్టు మళ్లీ స్వచ్ఛంగా మారి, దారి మూసి కూర్చుంది. అప్పుడు థర్మామీటరు పట్టుకుని హాలుకు పరుగెత్తాను. అక్కడ 37 డిగ్రీలు ఉంది. అమెరికాలోని ఎంఐటీలో తనాకా అనే శాస్త్రవేత్త 1978లో గుర్తించిన జెల్ ఘనపరిమాణ మార్పు గురించి నివేదిక మొదటి పేజీలోనే గొప్పగా రాసి, దాని కిందే 32 అనే అంకెను లావు అక్షరాల్లో వేసుకున్నవాణ్ణి నేనే.

మందు కూడా పుస్తకంలోనే ఉంది: నీటిని ఇష్టపడే ఆక్రిలమైడ్‌ను కొద్దిగా కలిపి జెల్ చేస్తే ఆ హద్దు పైకి జరుగుతుంది. విడిగా ఉన్న ఆక్రిలమైడ్ నరాలకు విషం కాబట్టి చేతి తొడుగులు లేకుండా ముట్టకూడదు. నాలుగు పాళ్లు మార్చి చూశాక హద్దు నలభై దాటింది. రెసిస్టర్‌కు కరెంటు కాస్త పెంచవలసి వచ్చింది, అంతే. మన ఎండల్లో ఈ పని పెట్టుకునేవారు ముందుగా చూడవలసింది సర్క్యూటును కాదు, ప్రదర్శించబోయే గది వేడిని.

నిన్న అదే హాలులో, ఏసీ ఇంకా బాగుపడకుండానే, కవాటం పదిసార్లు తెరుచుకుని పదిసార్లూ మూసుకుంది. పరీక్షకులవారు మాత్రం కాగితాలను ముందే ఒడిలోకి తీసుకుని కూర్చున్నారు.