అధ్యాయం పేరు చెప్పకుండా లెక్క ఇస్తే

ఎనిమిదో తరగతిలో అనులోమానుపాతం చెబుతున్నన్ని రోజులూ గది కళకళలాడుతుంది. మా పలాస చుట్టుపక్కల పిల్లలకు జీడిగింజల బస్తా అంటే 80 కిలోలని ఎవరూ చెప్పనక్కరలేదు. ‘80 కిలోల గింజల నుంచి 20 కిలోల పప్పు వస్తే, 200 కిలోల నుంచి ఎంత వస్తుంది?’ అని బోర్డు మీద రాసి ఇటు తిరిగేసరికి సగం తరగతి ‘50 కిలోలు మేడమ్’ అంటుంది. ఆ తరువాత విలోమానుపాతం. ‘12 మంది 6 రోజుల్లో నాట్లు వేసే పొలానికి 8 మందైతే ఎన్ని రోజులు?’ 9 రోజులని చెప్పడానికీ వాళ్లు తడుముకోరు. రెండు అభ్యాసాలూ పూర్తయ్యేసరికి నోట్సుల నిండా ఒప్పులే. అర్థమైందా అంటే అర్థమైందని ఒక్క గొంతుతో చెబుతారు.

ఆ ఒప్పుల్లో చాలావాటిని వాళ్లకు అధ్యాయం పేరే ఇచ్చింది. పైన ‘విలోమానుపాతం’ అని రాసి ఉన్న పేజీలో ప్రతి లెక్కా విలోమానుపాతమే అవుతుంది. ఏ పద్ధతి వాడాలన్న ఆలోచనతో పని లేదు, గుణించి భాగిస్తే చాలు. లెక్కల్లో నిజంగా కష్టమైనది ఆ ఆలోచనే. దాన్ని పుస్తకం పిల్లల తరఫున ముందే చేసిపెడుతోంది.

అందుకే పాఠం అయిపోయి పది పదిహేను రోజులు గడిచాక, మేము వేరే అధ్యాయంలోకి వెళ్లిపోయాక, పేరేమీ పెట్టకుండా నాలుగు లెక్కలు ఇస్తాను. ఒకటి జీడిపప్పు లెక్క వంటిది. ఒకటి కూలీల లెక్క వంటిది. మూడోది ఇలా ఉంటుంది: ‘ఒక కొబ్బరి చెట్టు 5 ఏళ్లలో 4 మీటర్లు ఎదిగింది. 40 ఏళ్లకు ఎంత ఎత్తు ఉంటుంది?’ నాలుగోది: ‘భుజం 20 మీటర్లున్న చదరపు మడికి ఎరువు చల్లడానికి గంట పడితే, భుజం 60 మీటర్లున్న చదరపు మడికి ఎంతసేపు పడుతుంది?’

కాగితం అందుకోగానే గోల ఆగిపోతుంది. కాసేపటికి ఎవరో తలెత్తి ‘ఇది ఏ పాఠంలోది మేడమ్?’ అని అడుగుతారు. నేను చెప్పను. ఆ ప్రశ్న పుట్టినప్పుడే ఆ పిల్ల లెక్క చేయడం మొదలుపెట్టిందని నా నమ్మకం. కొబ్బరి చెట్టుకు చకచకా 32 మీటర్లని రాసేవాళ్లు ఉంటారు. పుట్టి పెరిగింది ఉద్దానంలో, రోజూ బడికి వచ్చేది కొబ్బరి తోటల్లోంచే, అయినా రాస్తారు! అంతలో ఒక పిల్లవాడు లేచి, ‘మా తాత వేసిన చెట్టు అంత ఎత్తు లేదు మేడమ్’ అంటాడు. ఆ మాటతో తరగతి అంతా మళ్లీ కాగితం వైపు చూస్తుంది. ఏ రెండు రాశులు కలిసి పెరుగుతాయి, ఎంతవరకు పెరుగుతాయి, ఎక్కడ ఆ సంబంధం తెగిపోతుంది అన్న చర్చ నడుస్తుంది. అనుపాతం పాఠం మొత్తం మీద నాకు అన్నిటికంటే ఇష్టమైన పీరియడ్ అదే.

ఎరువు లెక్క నేను పుట్టించింది కాదు. బెల్జియంలో డిర్క్ డి బాక్, లీవెన్ వెర్షాఫెల్ తదితరులు 1990లలో 12, 13 ఏళ్ల పిల్లలకు ఇటువంటిదే ఇచ్చారు. భుజం 200 మీటర్లున్న చదరపు పొలానికి ఎరువు వేయడానికి 8 గంటలు పడితే, 600 మీటర్ల భుజం ఉన్నదానికి ఎంత? అత్యధికులు 24 గంటలని రాశారు. సరైన జవాబు 72. భుజం మూడింతలైతే వైశాల్యం తొమ్మిదింతలవుతుంది. అక్కడి పిల్లలూ మా పిల్లలూ ఒకేచోట తడబడుతున్నారంటే, లోపాన్ని పిల్లల తెలివిలో వెతకకూడదు. అనుపాతం నేర్పుతున్నప్పుడే అది చెల్లని చోట్లు కూడా చూపించాలి.

కలగలిపి ఇచ్చే ఈ పద్ధతి మీద నాకు గురి కుదిరింది డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ఒక ప్రయోగం చదివాక. వాళ్లు అమెరికాలో కళాశాల విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పారు. ఒక జట్టు ఒక్కో ఆకృతి లెక్కలన్నీ పూర్తిచేసి రెండోదానికి వెళ్లింది. ఇంకో జట్టుకు అవే లెక్కలు కలిపేసి ఇచ్చారు. అభ్యాసం చేస్తున్నప్పుడు మొదటి జట్టుకు 89 శాతం ఒప్పులు, రెండో జట్టుకు 60. ఆ రోజు తనిఖీకి ఎవరైనా వచ్చి ఉంటే మొదటి జట్టు ఉపాధ్యాయుణ్ణే మెచ్చుకొని వెళ్లేవారు. వారం తరువాత పరీక్ష పెడితే మొదటి జట్టుకు వచ్చింది 20 శాతం, రెండో జట్టుకు 63. కళాశాల వాళ్లతో చేసింది బడి పిల్లలకు వర్తిస్తుందా అన్న అనుమానం ఉంటే, రోరరే తోటివారితో కలిసి 54 ఏడో తరగతి గదుల్లో నెలల తరబడి ఇదే చేసి చూశారు. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. అభ్యాసం అయిపోయిన నెలకు ముందస్తుగా చెప్పకుండా పరీక్ష పెట్టారు. కలిపి చేసినవాళ్లకు 61 శాతం, విడివిడిగా చేసినవాళ్లకు 38.

ఈ అంకెలు స్టాఫ్ రూములో చెప్పినప్పుడు మా సోషల్ మాస్టారు మంచి ప్రశ్న వేశారు. ‘లెక్కలకు సరేనమ్మా, చదివి గుర్తుపెట్టుకోవలసిన పాఠాలకు ఏం చేయాలి?’ దానికీ జవాబు ఉంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో చూపించినది. ఒక వ్యాసాన్ని కొందరు నాలుగుసార్లు చదివారు. కొందరు ఒక్కసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా మూడుసార్లు రాశారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం, రాసినవాళ్లకు 71. వారం తరువాత తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతం మిగిలింది, రాసినవాళ్లకు 61. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంతో ఉన్నదేమో నాలుగుసార్లు చదివినవాళ్లే. తెల్లవారుజామున లేచి అవే పేజీలు వల్లెవేసే పదో తరగతి పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే మనసులో మెదులుతుంది. వాళ్ల కష్టంలో లోటు లేదు. ఆ కష్టంలో కొంత భాగాన్ని పుస్తకం మూసి చేయమని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. మాస్టారు ఇప్పుడు తన పీరియడ్ మొదటి అయిదు నిమిషాలు పాత పాఠం నుంచి ఒక ప్రశ్న ఇచ్చి, తెల్ల కాగితం మీద రాయిస్తున్నారు. మార్కులు లేవు.

ఇంటి దగ్గర నుంచి అభ్యంతరం రావడం సహజం. జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ పని చేసే ఒకావిడ కూతురి నోట్సు పట్టుకొని వచ్చారు. ‘మేడమ్ గారూ, మొన్నటిదాకా పిల్లకు పదికి పది వచ్చేవి. ఇప్పుడు ఆరు కూడా రావడం లేదు. చదవడం మానేసిందా?’ అని అడిగారు. ఆ తల్లి ఆందోళన న్యాయమైనదే. ‘మీకు గుండ్లు ఒక తట్టలో, బద్ద ఒక తట్టలో, ముక్కలు ఒక తట్టలో వేసి ఇస్తే గ్రేడింగ్ పని ఏముంటుందమ్మా? కలిసిన కుప్పలోంచి వేరుచేయడమే కదా మీ పనితనం. మీ అమ్మాయి ఇప్పుడు ఆ పని నేర్చుకుంటోంది’ అన్నాను. ఆవిడ నోట్సు మళ్లీ తెరిచి, తప్పు పోయిన లెక్కను కూతురితో చదివించుకొని విన్నారు. తరువాత నెల రోజుల దాకా ఆగుతానన్నారు. ఆగారు కూడా.

ఆ నోట్సులో మార్కులు వేసింది ట్యూషన్‌లో. నేను ఈ కాగితాల మీద అంకె వేయను. ‘ఇక్కడ కూలీలు తగ్గారు కదా, రోజులు పెరగాలా తగ్గాలా?’ అన్నట్టు ఒక ప్రశ్న రాసి ఇస్తాను. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడుల్లో చేసి 1988లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఆధారం. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. మార్కు మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగుపడలేదు. మార్కు, వ్యాఖ్య రెండూ అందుకున్నవాళ్లు కూడా మార్కు మాత్రమే వచ్చినవాళ్లలాగే ఉండిపోయారు. మార్కు కనబడ్డాక పిల్ల కళ్లు పక్కవాళ్ల కాగితం మీదికి పోతాయి. ఇది ప్రతి ఉపాధ్యాయుడూ చూసినదే.

ప్రశ్న అడిగిన తరువాత ఎంతసేపు ఆగాలన్నది ఇంకా చిన్న విషయంలా కనిపిస్తుంది. నా దృష్టిలో చాలా పెద్దది. మేరీ బడ్ రో 1970లలో అమెరికా తరగతి గదుల్లోని సంభాషణలను టేపుల మీద విని కొలిచారు. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక జవాబు కోసం సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. ఆ తరువాత తామే చెప్పేస్తారు, లేదా ఇంకొకరిని అడుగుతారు. ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ‘తెలియదు’ అనడం తగ్గింది, అంతకుముందు నోరు విప్పని పిల్లలు మాట్లాడారు.

మూడు సెకన్లు ఎవరికి కావాలి? మా బడిలో మందస కొండల నుంచి వచ్చిన సవర పిల్లలు ఉన్నారు. ప్రశ్న తెలుగులో వినాలి, సవరలో ఆలోచించుకోవాలి, మళ్లీ తెలుగులో చెప్పాలి. ఒక్క సెకనులో బదులిచ్చే పిల్లలతోనే పాఠం నడిపిస్తే వీళ్లు రోజంతా శ్రోతలుగా మిగిలిపోతారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకున్నారు. ఆ పిల్లల కోసం సవరలోనే వాచకాలు రాశారు, బడులు పెట్టించారు. మా జిల్లావారిగా ఆయన్ను తలుచుకోవడం మాకు గర్వం. నాకు సవర పది మాటలకు మించి రాదు. కానీ ప్రశ్న వేసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకోవడానికి ఏ భాషా అక్కరలేదు. ముందుగా చేయి ఎత్తినవాళ్లను ఆగమంటాను. అందరూ కాగితం మీద జవాబు రాశాకే ఒకరిని లేపుతాను. పిల్లలు దీనికి తొందరగా అలవాటుపడ్డారు. చేయి ఎత్తి ఎగిరే ఇద్దరు ముగ్గురికి మాత్రం ఇప్పటికీ కష్టంగానే ఉంది, పాపం.

ఇదంతా చదివి ‘పరీక్షలు పెంచితే చదువు పెరుగుతుంది’ అని ఎవరైనా అనుకుంటే నాకు బాధగా ఉంటుంది. మన రాష్ట్రంలోనే దానికి విరుద్ధమైన రుజువు ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు పరీక్షలు పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా నివేదికలు రాసి ఉపాధ్యాయులకు ఇచ్చారు. 2010లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, పరిశీలకులు వచ్చినప్పుడు ఆ ఉపాధ్యాయులు మరింత చురుకుగా కనిపించారు. ఏడాది చివర పిల్లల ఫలితాల్లో మాత్రం తేడా లేదు. కొలత ఒకచోట, బోధన ఒకచోట ఉండిపోతే జరిగేది అదే. నేను చెబుతున్న కాగితం ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. పిల్ల దాని మీద తప్పు చేస్తుంది, ఆ తప్పు పట్టుకొని ఆ పీరియడ్‌లోనే పాఠం నడుస్తుంది.

ఇంకొక హద్దు కూడా చెప్పాలి. ఎనిమిదికి వచ్చినా భాగహారం రాని పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్లకు లెక్కలు కలిపి ఇచ్చినా విడిగా ఇచ్చినా ఒకటే. వాళ్లు ఉన్నచోటు నుంచే మొదలుపెట్టాలి. ముంబయి, వడోదరల్లో ప్రథమ్ సంస్థ మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు వేరుగా కూర్చోబెట్టి, స్థానిక యువతులతో అక్షరాలు, అంకెలు నేర్పించింది. వాళ్లు స్పష్టంగా ముందుకు వచ్చారని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2007లో నిరూపించింది. 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నది బెనర్జీ, డఫ్లోలే, మైకేల్ క్రేమర్‌తో కలిసి. మా బడిలో సాయంత్రం స్టడీ అవర్‌లో ఆ పిల్లలకు అగ్గిపుల్లల కట్టలతో భాగహారం జరుగుతోంది. వాళ్లను చూసి మిగతావాళ్లు నవ్వకుండా చూసుకోవడం సగం పని.

వచ్చే వారం చక్రవడ్డీ మొదలుపెడుతున్నాను. బారువడ్డీ కాలంతో పాటు సమానంగా పెరుగుతుంది, చక్రవడ్డీ అలా పెరగదు. కాబట్టి ఈసారి కాగితంలో కొబ్బరి చెట్టు పక్కన అదీ చేరుతుంది. పదివేల రూపాయలకు ఏడాదికి పది శాతం బారువడ్డీ, చక్రవడ్డీ రెండూ పక్కపక్కన ఇచ్చి, రెండేళ్లకు, నాలుగేళ్లకు ఎంతవుతుందో అడుగుతాను. నాలుగేళ్లకు రెండేళ్లదానికి రెట్టింపు వడ్డీ వచ్చేది ఏదో వాళ్లే తేల్చాలి. తోటి లెక్కల టీచర్లు తమ ఊరి పనుల్లోంచి ఇటువంటివి తయారుచేసి ఉంటే పంపండి. వంశధార కాలువ నీటి మీద, పొందూరు నూలు వడకడం మీద లెక్కలు నా దగ్గర ఒక్కటీ లేవు. నా కాగితాలు అడిగినవాళ్లకు పంపుతాను. అధ్యాయాల పేర్లు మాత్రం వాటి మీద ఉండవు.