పే స్టబ్‌లో ఆ ఒక్క లైను

డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక చిన్న కంపెనీకి పేరోల్ చూస్తాను. 120 మంది జీతాలు నా చేతుల మీదుగా వెళ్తాయి. ఎవరింట్లో ఏం జరుగుతోందో నేనడగను. కాగితాలే చెప్పేస్తాయి. ఇన్సూరెన్స్‌లోంచి భార్య పేరు తీసేయమన్నారంటే, ఇంకో ఆర్నెల్లలో ఏదో కోర్టు ఆర్డరు రాబోతోందని నాకర్థమైపోతుంది.

పోయినేడు మార్చిలో ఒంగోలు వైపు కుర్రాడొకడు చేరాడు. కొత్తగా ఎవరు చేరినా 20 రోజుల్లోపు ఆ సంగతి మేం ప్రభుత్వానికి తెలపాలి. అది రూలు. ఉద్యోగం మారితే ఎవరికీ తెలియదులే అనుకునేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే. నేను వివరాలు పంపిన కొద్ది వారాలకే ఆర్డరొచ్చింది. పాపకి చైల్డ్ సపోర్టు (విడాకులయ్యాక బిడ్డ పోషణకిచ్చే డబ్బు) కింద నెలకి 1,400 డాలర్లు, పాత బకాయి కింద ఇంకో 300, అతని జీతంలోంచి పట్టి పంపమని.

మా ఓనరుకి చిరాకేసింది. "ఈ తలనొప్పి మనకెందుకు, అతన్ని పంపించేద్దామా?" అన్నాడు. ఆ ఆర్డరొచ్చిందన్న కారణంతో ఉద్యోగంలోంచి తీసేయడం టెక్సాస్‌లో చట్టవిరుద్ధమని, పట్టకపోతే ఆ డబ్బు మన మెడకే చుట్టుకుంటుందని చెప్తే ఊరుకున్నాడు.

మొదటి జీతం పడిన రోజు, పే స్టబ్‌లో (జీతం స్లిప్పులో) ఆ కోత లైను చూసి ఆ అబ్బాయి నా బల్ల దగ్గరికొచ్చాడు. "అక్కా, ఇదెలా పట్టారు? నేనూ, పాప వాళ్లమ్మా మాట్లాడుకున్నాం. ఉద్యోగం వచ్చాక ఇద్దువులే అని తనే అంది."

విడాకులప్పుడు అతని నికర ఆదాయం నెలకి 7,000. ఇక్కడ ఒక బిడ్డకి 20 శాతం, అంటే 1,400. అంతవరకు సక్రమంగానే కట్టాడు. తర్వాత లేఆఫ్. ఇండియా వెళ్లి ఎనిమిది నెలలున్నాడు. కోర్టుకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. తిరిగొచ్చాక పాపని చూపించే విషయంలో మాటామాటా పెరిగింది. ఆవిడ ఫైలు తెరిపించింది. బకాయి అసలు 11,200, దాని మీద ఏడాదికి 6 శాతం వడ్డీ.

"పాపని చూపించనప్పుడు నేనెందుకు కట్టాలక్కా?" అన్నాడు. ఈ మాట నాకు కొత్తేం కాదు. చూపించకపోతే దానికి వేరే పిటిషన్ వేసుకోవాలి, దాని పేరు చెప్పి డబ్బు ఆపకూడదు. మధ్యలో ఐప్యాడ్ కొనిచ్చాడట, పుట్టినరోజుకి బ్యాంకు నుంచి జెల్ (Zelle) ద్వారా 500 పంపాడట. కట్టాల్సిన డబ్బు శాన్ ఆంటోనియోలో ఉన్న రాష్ట్ర ఖాతా ద్వారా వెళ్లాలి. చేతికిచ్చినవి బహుమతుల కిందే పోతాయి.

అతనికి మింగుడుపడనిది ఇంకొకటుంది. 1986లో వచ్చిన బ్రాడ్లీ సవరణ అనే అమెరికా చట్టం ప్రకారం, కట్టాల్సిన తేదీ దాటిన వాయిదా అప్పటికప్పుడే కోర్టు తీర్పుతో సమానం. జడ్జికి జాలి కలిగినా వెనక్కెళ్లి తగ్గించలేడు. తగ్గించమని పిటిషన్ వేసి, అవతలివాళ్లకి నోటీసు అందాక వచ్చే వాయిదాలకే ఆ వీలు. ఉద్యోగం పోయిన రోజు మనవాళ్లు ఊళ్లో ఉన్న రిక్రూటర్లందరికీ ఫోన్ చేస్తారు. కోర్టుకి కాగితం పెట్టాలని ఎవరికీ తట్టదు. ఇంటిదగ్గర భరణం కేసులు వాయిదాల మీద వాయిదాలు పడటం చూసి పెరిగాం మరి. (అక్కడా చట్టమేం మెత్తన కాదు, ఎగ్గొట్టిన ఒక్కో నెలకి నెల దాకా జైలుకి పంపొచ్చు.)

"జైల్లో పెడతారా?" గొంతు తగ్గించి అడిగాడు.

కోర్టు ధిక్కారం కింద ఆరు నెలల దాకా వేయొచ్చు. నిజంగానే కట్టలేకపోయానని రుజువు చూపించుకుంటే అది వేరు. మూడు నెలల బాకీ పేరుకుంటే డ్రైవింగ్ లైసెన్సు సస్పెండ్ చేయొచ్చు. ఇర్వింగ్‌లో కారు లేని మనిషికి కాళ్లు లేనట్టే. టాక్స్ రిఫండ్ మధ్యలోనే పట్టేస్తారు. సిటిజన్లయితే బాకీ 2,500 దాటాక పాస్‌పోర్టు ఇవ్వరు.

ఇతనిది గ్రీన్ కార్డు. సిటిజన్‌షిప్‌కి మరుసటేడు వేద్దామనుకుంటున్నాడు. ఆ ఫారంలోనూ పిల్లల పోషణ మాట అడుగుతారు. కావాలనే ఎగ్గొట్టాడని తేలితే మంచి నడవడిక లేదని తోసిపుచ్చొచ్చు. జైలు కన్నా ఈ మాటకే ఎక్కువ బెదిరాడు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

లాయరుని కలవమన్నాను. పేరోల్ దానిని, అంతకుమించి చెప్పకూడదు. చెప్పాల్సినదానికన్నా అప్పటికే ఎక్కువ చెప్పేశాను.

పే స్టబ్ ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. అయినా రెండు వారాలకోసారి శుక్రవారం వచ్చి ప్రింటు అడుగుతాడు. నీలం ఫైల్లో తేదీల వరసన పెట్టుకుంటున్నాడు, సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో చూపించడానికట. మొన్న జనవరిలో ప్రింటు అందుకుంటూ, "బాకీ నాలుగంకెల్లోకి దిగిందక్కా" అన్నాడు.