ఐదు బాత్‌రూముల కష్టం

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల ఒక అడ్తి (కమీషన్) దుకాణంల లెక్కలు రాస్త. కోతలు ఇనాలంటే మిర్చి సీజన్ల పొద్దుగాల మా యార్డుకు రావాలె. "గింత రంగున్న తేజ రకం మిర్చి ఇంకోని బస్తాల సూపియ్యి సూద్దాం" అంటడు రైతు. ఖరీదుదారు బస్తాల చెయ్యి పెట్టి పిడికెడు కాయ తీస్తడు. చెవి కాడ పెట్టి ఊపుతడు, గలగలమనకుంటే "తేమున్నది పెద్దమనిషీ" అంటడు, తాలుకాయ ఒకటి ఏరి ముంగట పడేస్తడు. రైతు మళ్ల మొదలుపెడ్తడు. ఎవ్వలకూ కోపం రాదు. సరుకును పొగుడుకునుడు బేరంల భాగమే. మా మార్కెటే ఆసియాల పెద్దదని మేం చెప్పుకోమా? కొలిచినోడు మాత్రం నాకింకా కనవడలే.

నాకు మండేది వేరే రకం. మొన్న హన్మకొండల ఒక పెండ్లిల, బంతిల నా పక్కన కూసున్న అక్క, దూరపు చుట్టమే, "ఏం చెప్పాలె తమ్మీ, డాలస్‌ల మా పిల్లగాని ఇల్లు ఊడ్వలేక నడుం పడిపోయింది. ఐదు బాత్‌రూములాయె!" అన్నది. అయ్యో అందామంటే అబద్ధం. అబ్బో అందామంటే ఆమె ఎదురుచూసేది అదే. మటన్‌ల బొక్క ఎతుక్కుంట తల ఊపిన. "మావోడు ఇల్లు కొన్నడు తమ్మీ" అని సక్కగ చెప్తే నాకూ సంబురమే గదా. ఎచ్చులూ పోవాలె, పైకెళ్లి జాలీ కావాలె అంటే ఎట్ల?

గీ విషయంల కాకతీయ రుద్రదేవుడు హుషారు. వేయిస్తంభాల గుడి కాడున్న 1163 నాటి శాసనం ఆయన గొప్పలే. చాళుక్య తైలపుడు రుద్రుని భయానికి అతిసారం పట్టి సచ్చిండని సంస్కృత శ్లోకంల చెక్కిచ్చిండ్రు. పగోని కడుపు చెడిన ముచ్చట రాయి మీదికి ఎక్కిచ్చుడంటే మామూలు బడాయా! అదే రుద్రుడు మన పక్కన కూసోని తనే చెప్పుకుంటే చెయ్యి కడుక్కోని లేస్తుంటిమి. రాసింది కవి గన్క చరిత్రయింది.

మా సేటుకు శాసనం సంగతి తెల్వది గని కిటుకు తెలుసు. తన గురించి ఒక్క ముక్క చెప్పుకోడు. కొత్త రైతు గడప తొక్కంగనే నా దిక్కు చూసి, "మన దుకాణం సంగతి జర చెప్పరాదే" అంటడు. కాంటల తేడా రాదు, పైసలు అదే రోజు చేతిల పడ్తయి అని నేను ఎత్తుకుంట. అయిపోయేదాక ఆయన సిగ్గుపడ్డట్టు ఫోన్ల మొకం పెడ్తడు. నేను ఒక్కటి మర్చిపోతే మాత్రం, తల ఎత్తకుంటనే "చాయ్ ముచ్చట చెప్పినవా?" అంటడు.