నాలుగుసార్లు మునిగిన చక్రం

చక్రం అతికించి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నా కారుకు ఎడమవైపు వెనక ఉన్న ఆ అల్యూమినియం చక్రంలోంచి గాలి కాస్త కూడా కారలేదు. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. చల్లారాక రాస్తే అందరూ మంచివాళ్లుగానే కనిపిస్తారు.

గుంతలో పడటం గురించి చెప్పేదేమీ లేదు. రాత్రి, వాన, నీళ్లు నిండిన గుంత, దబ్బుమని చప్పుడు. పొద్దున చూస్తే చక్రం బయటివైపు గీత కూడా లేదు. వారం తిరిగేసరికి 32 ఉండాల్సిన గాలి 26కు దిగింది. నింపాను. మళ్లీ వారానికి 26. టైరు దుకాణంలో మేకు కోసం వెతికారు, దొరకలేదు. వాల్వు మార్చారు. టైరు విప్పి, అంచుకు జిగురు పూసి మళ్లీ ఎక్కించారు. మరుసటి వారమూ 26.

అప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. దుకాణం నిండా జనం ఉండగా, పని రాని మనుషులను పెట్టుకుని ఎలా నడుపుతున్నారంటూ యజమానిని దులిపేశాను. ఆయన మారు మాట్లాడలేదు. చక్రం ఊడదీయించి, గాలి గట్టిగా కొట్టించి, నీళ్ల తొట్టిలో ముంచి, లోపలి వైపు నాకు కనిపించేలా తిప్పారు. "మీరే చూడండి సార్" అన్నారు. టైరు దగ్గర ఏమీ లేదు. రిమ్ము లోపలి గోడ మీద నుంచి సూదిమొనంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. తుడిచి చూస్తే వెంట్రుక లాంటి గీత. లోపలి అంచు దగ్గర మొదలై బొటనవేలంత పొడవున లోనికి పాకింది. అక్కడున్నవాళ్లందరూ ముందు ఆ గీతను, తర్వాత నన్ను చూశారు. క్షమించమని అడగాల్సింది. అడగలేదు. "సరే, వెల్డింగ్ చేయిస్తాను" అని చక్రం చంకన పెట్టుకుని వచ్చేశాను.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. మొదటి వెల్డర్ చక్రాన్ని ఒక్కసారి చూసి "పది నిమిషాల పని" అన్నాడు. ఈ మాట వినగానే చక్రం తీసుకుని వెనక్కి వచ్చేయాలని ఇప్పుడు తెలిసింది. పైగా టైరు విప్పనవసరం లేదట, అలాగే చేసేస్తాడట! టైరు ఎక్కించి ఉన్న రిమ్మును వేడి చేస్తే లోపల టైరు కాగి వాయువులు పుట్టి పేలిపోవచ్చు, గాలి తీసేసినా సరే. దాని వల్ల ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఈ ఒక్క విషయం నాకు ముందే తెలుసు కాబట్టి టైరు విప్పితే తప్ప కుదరదని మొండికేశాను. నా తెలివి అంతవరకే. ఆ తర్వాత జరిగినవన్నీ పక్కన నిలబడి కూడా చూస్తూ ఊరుకున్నాను.

ఇనుప గేట్లకు వాడే బ్రష్షుతోనే రిమ్మును నాలుగుసార్లు రుద్దాడు. పగులు మీద రంగు అలాగే ఉంది. దాని మీదే టిగ్ వెల్డింగ్ (కరెంటు మెరుపుతో లోహాన్ని కరిగించి అతికే పద్ధతి) మొదలుపెట్టాడు. మసి లేచింది, చిటపటలాడింది, ఒకటి రెండుసార్లు కరిగిన లోహం చీదినట్టు ఎగిరింది. అయినా చివరికి అతుకు చూడముచ్చటగా వచ్చింది. చిల్లర నాణేలు ఒకదాని మీద ఒకటి వాల్చినట్టు వరసగా, మెరుస్తూ ఉంది. ఫొటో కూడా తీసుకున్నాను. ఆ ఫొటో ఇప్పుడు చూసుకుంటే సిగ్గేస్తుంది.

టైరు ఎక్కించడానికి మళ్లీ అదే దుకాణానికి వెళ్లాలి కదా. వెళ్లాను. ఆయన ఏమీ అడగకుండా ఎక్కించి, ఏమీ అనకుండా తొట్టిలో ముంచారు. అతుకు దాటాక గోరంత దూరంలో బుడగలు. అంతకుముందు అక్కడ ఏమీ లేదు! పగులు లేని చోట నుంచి గాలి ఎలా వస్తుంది? నాకు అర్థం కాలేదు, ఆయన చెప్పలేదు.

రెండోసారి వెల్డర్ దగ్గరికి. అతుకు మీదే ఇంకో అతుకు, ఈసారి పొడవు ఎక్కువ. మళ్లీ దుకాణం, మళ్లీ తొట్టి. ఈసారి అతుకు మధ్యలో నుంచే మూడు చోట్ల బుడగలు. అంటే చేసినకొద్దీ చిల్లులు పెరుగుతున్నాయి. దుకాణంలో పనిచేసే కుర్రాడు తల పక్కకు తిప్పుకుని నవ్వాడు. వెల్డర్‌ను అడిగితే "మీ రిమ్ములోనే లోపం ఉంది, పోత సరిగా లేదు" అన్నాడు. నా చక్రం గురించి నాకే చెప్పాడు. పని చెడగొట్టినవాడు వస్తువును తిట్టడం చూశాక, నేను టైరు దుకాణంలో చేసింది కూడా అదే కదా అనిపించింది. కానీ నేను ఒక్కసారే చేశాను.

రెండో వెల్డర్ పెద్దాయన. అల్యూమినియం తప్ప ఇంకేదీ ముట్టరు. ఆయన పగులు ఎక్కడుందని అడిగారు, అంతే. స్పోకు మీదో, బోల్టు రంధ్రాల చుట్టుపక్కలో, నడుమ భాగంలోనో ఉంటే తిప్పి పంపేసేవారట. "అక్కడ అతికితే నేను రాత్రి నిద్రపోలేను బాబూ" అన్నారు. లోపలి గోడ కాబట్టి చూస్తానన్నారు.

మొదట పాత అతుకులు మొత్తం చెక్కేశారు. గ్రైండర్ రాయితో కాదు, పళ్లున్న కార్బైడ్ ముక్కతో. రాయి పొడి మెత్తటి అల్యూమినియంలో దిగబడి మళ్లీ అతుకును పాడు చేస్తుందట. చెక్కుతుంటే మొదటివాడి అతుకు లోపల స్పాంజిలా కనిపించింది, నల్లటి సన్న రంధ్రాలు. రంగు, నూనె, తడి ఏది మిగిలినా అందులోంచి హైడ్రోజన్ పుట్టి కరిగిన అల్యూమినియంలో కలుస్తుంది. లోహం గట్టిపడేటప్పుడు అది బయటికి పోలేక బుడగలై నిలిచిపోతుంది. అతుకు మధ్యలోంచి గాలి వచ్చింది అందుకే.

తర్వాత ఎర్ర రంగు ద్రవం చల్లారు. పావుగంట ఆగి గుడ్డతో శుభ్రంగా తుడిచారు. దాని మీద తెల్లటి పొడి మందు చల్లారు. సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉన్నదాని మీద, మేము చూస్తుండగానే, ఒక ఎర్రటి చుక్క తేలింది. అది సాగి గీత అయింది. గీత చివర రెండుగా చీలింది, పాము నాలుకలా. ఒక పాయ తిన్నగా, ఇంకొకటి పక్కకు. నేను, టైరు దుకాణం, మొదటి వెల్డర్, అందరం చూసింది మొదటి సగమే. కంటికి కనిపించని ఆ రెండో పాయలోంచే నా గోరంత దూరపు బుడగలు వచ్చాయి. ఇంత చిన్న విషయానికి నెలన్నర తిరిగాను. ఎర్ర రంగు డబ్బా లేని చోట చక్రం ఇవ్వకండి, ఇంతకు మించిన సలహా నా దగ్గర లేదు.

రెండు పాయల చివరా మూడు మిల్లీమీటర్ల రంధ్రం పెట్టారు, పగులు ఇంక ముందుకు పాకకుండా. గీత వెంబడి వాలుగా గాడి తీశారు. అసిటోన్‌తో కడిగారు, అల్యూమినియానికి మాత్రమే దాచుకున్న స్టెయిన్‌లెస్ బ్రష్షుతో రుద్దారు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీద తుప్పులా పట్టే ఆక్సైడ్ పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఆ పొరను చీల్చడానికే ఏసీ కరెంటు, అంటే దిశ మార్చుకుంటూ పారే కరెంటు, వాడతారు. నేను ఈ సంగతి అప్పుడే విన్నట్టు తల ఊపాను గానీ, ముందు రాత్రి చదువుకునే వచ్చాను. రిమ్మును కాస్త వెచ్చబెట్టి, ఐదు శాతం సిలికాన్ ఉన్న 4043 రకం అల్యూమినియం కడ్డీతో అతికారు. ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు ఈ లోహం, చూస్తుండగానే జారిపోతుంది. కరెంటును పెంచి తగ్గించే ఆయన కాలి కింది పెడల్ ఒక్కసారి కూడా కుదుపుగా కదల్లేదు. అతికాక దుప్పటి కప్పి సాయంత్రం దాకా కదపనివ్వలేదు.

వెళ్లేముందు ఒక మాట చెప్పారు. ఇలాంటి చక్రాలను తయారీలో 540 డిగ్రీల దాకా కాచి, నీళ్లలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో కొన్ని గంటలు ఉంచి బలం తెస్తారు. అతికిన చోట చుట్టూ ఆ బలం కొంత పోతుంది, దాన్ని ఆయన తిరిగి తేలేరు. "గట్టిగానే ఉంది, కానీ కొత్తది కాదు. ముందు చక్రంగా పెట్టకండి. అప్పుడప్పుడు విప్పి చూసుకుంటూ ఉండండి" అన్నారు. మొదటివాడు "జీవితాంతం గ్యారంటీ" అన్నాడు. ఎవరి జీవితాంతమో అడగాల్సింది.

మళ్లీ ఎర్ర రంగు చల్లి చూశారు, ఏమీ తేలలేదు. డయల్ గేజి పెట్టి తిప్పి, వంకర లేదని చూపించారు. టైరు అంచు కూర్చునే చోట మాత్రం అతుకును నునుపుగా చెక్కారు.

నాలుగోసారి తొట్టి. చక్రం మునిగింది. దుకాణం యజమాని, కుర్రాడు, నేను ముగ్గురం వంగి చూస్తున్నాం. మొదట కొన్ని బుడగలు లేచాయి. నా గుండె జారిపోయింది. అవి నీళ్లలో పెట్టినప్పుడు అంటుకున్న గాలి. కుర్రాడు వేలితో తుడిచేశాడు. ఇంక ఏమీ రాలేదు. నీళ్లు కదలడం ఆగేదాకా చూశాం. అప్పుడు యజమాని తల ఎత్తి, "ఈసారి ఎవరిని తిడతారు సార్?" అన్నారు. అప్పుడు అడిగాను క్షమాపణ, ఎనిమిది వారాలు ఆలస్యంగా.

బోల్టులు ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచితోనే బిగించమన్నాను, వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించుకున్నాను. రోజూ పొద్దున్నే గాలి కొలిచి పుస్తకంలో రాస్తున్నాను. 32, 32, 32. ఆరో రోజు 31. కూర్చున్న చోటే చెమటలు పట్టాయి. చేతికి రెంచి తీసుకుని చక్రం విప్పబోయి, ఎందుకో ఆగి మిగతా మూడింటినీ కొలిచాను. రాత్రి బాగా చలి వేసింది. అన్నింటిలోనూ 31.