యాంజియోగ్రాంలో ఏమీ లేదన్నారు

మావారు పోయిన రెండో నెలలో నాకు గుండె జబ్బు వచ్చింది. అప్పటికి నాకు 64 ఏళ్లు. బీపీ, షుగర్ లేవు. ఒక రాత్రి ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, ఎడమ భుజం లాగేసింది. పక్క ఫ్లాట్ అబ్బాయి విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఈసీజీ చూసి హార్ట్ ఎటాక్ అన్నారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా పెరిగింది. తీరా యాంజియోగ్రాం చేస్తే గుండె రక్తనాళాల్లో ఎక్కడా బ్లాక్ లేదు. ఎకో స్కానింగ్‌లో మాత్రం గుండె ఎడమ గది కింది భాగం ఉబ్బిపోయి, సరిగా కదలడం లేదు.

అప్పుడు డాక్టరు గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఈమధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా అమ్మా?" అని అడిగారు. చెప్తుంటే ఏడుపు ఆగలేదు. ఆయన తొందరపెట్టకుండా విన్నారు. ఆ ప్రశ్న అడిగినందుకు ఆయనకు రుణపడి ఉంటాను.

జబ్బు పేరు టకోట్సుబో. 1990లో జపాన్ డాక్టర్లు మొదట గుర్తించారు. పెద్ద దుఃఖమో భయమో కలిగినప్పుడు అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఒక్కసారిగా పెరిగి గుండె కండరాన్ని దెబ్బతీస్తాయట. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలోనే ఎక్కువ. చాలామందికి కొన్ని వారాల్లో నయమవుతుంది గానీ, మొదటి రోజుల్లో ప్రాణం మీదికి రావచ్చు.

ఇంటికొచ్చాక, తోడు పోయినవాళ్ల ఆరోగ్యం గురించి చదివాను. 1969లో బ్రిటన్ పరిశోధకులు, భార్య పోయిన 55 ఏళ్లు దాటిన 4,486 మంది మగవాళ్ల వివరాలు ప్రచురించారు. మొదటి ఆరు నెలల్లో వాళ్లలో మరణాలు, అదే వయసు పెళ్లయినవాళ్ల కంటే 40 శాతం ఎక్కువ. అన్నిటికంటే ఎక్కువగా పెరిగినవి గుండె జబ్బు మరణాలే.

ఆ ఆరు నెలలే మన దగ్గర మనిషిని ఒంటరిగా వదిలేసే కాలం. పన్నెండో రోజు భోజనాలయ్యాక చుట్టాలంతా వెళ్లిపోయారు. పిల్లలు హైదరాబాద్ రమ్మన్నారు, నాకు ఇల్లు వదలబుద్ధి కాలేదు. ఏడాది వరకు గుడికి వెళ్లకూడదన్నారు. పేరంటానికి ఎలాగూ పిలవరు. సాయంత్రాలు ఆయనతో కలిసి బీచ్ రోడ్డులో నడిచేదాన్ని, అదీ ఆగిపోయింది. ఒక్కదాని కోసం కూర ఎందుకని మజ్జిగన్నంతో సరిపెట్టుకునేదాన్ని. నిద్ర పట్టేది కాదు. పట్టలేదని చెప్పడానికి పొద్దున్న ఎవరూ ఉండేవారు కాదు. మనిషికి మనుషులు బాగా అవసరమైన రోజుల్లో ఈ ఆంక్షలేమిటని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

డిశ్చార్జ్ అయ్యాక విజయనగరం నుంచి మా వదిన, మావారి అక్కగారు, వచ్చి నా దగ్గరే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు, నర్సుగా రిటైరైంది. 71 ఏళ్లకు నాకంటే గట్టిగా ఉంది. రోజూ తెల్లారి తలుపులు తీసి, "రాత్రి ఎలా పడుకున్నావు?" అని అడిగేది. మాత్రలు తనే తీసిచ్చేది. రైతు బజారుకు వెంటబెట్టుకెళ్లేది. మొదట్లో నాలుగడుగులకే ఆయాసం వచ్చేది, మెల్లగా లాసన్స్ బే దాకా నడవగలిగాను. రెండు నెలల తర్వాతి ఎకోలో గుండె మామూలుగా కొట్టుకుంటోంది. పెళ్లి అయిందా లేదా అన్నదానికంటే, పొద్దున్నే అలా అడిగే మనిషి ఇంట్లో ఉన్నారా అన్నదే ముఖ్యమని వదినను చూశాక నాకు అనిపించింది.

పోయిన నెల కింది అంతస్తు మాస్టారి భార్య పోయారు. మేమిద్దరం టిఫిన్ వేళకు వెళ్లి, ఆయన తినేదాకా కూర్చుంటున్నాం. ఆయన బీపీ మాత్రలు అయిపోయి వారం దాటిందని అలా వెళ్లినప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ అవి తెప్పించింది ఆవిడేనట.