మందారం, తువ్వాలు, గేటు

రాత్రంతా కురిసిన వాన పొద్దున్న తెరిపిచ్చింది గానీ కరెంటు రాలేదు. ఆదివారం పూట పర్లాకిమిడిలో కరెంటు లేకపోతే వంటయ్యాక చేసే పనేమీ ఉండదు. ఫోన్‌లో ఛార్జింగ్ ఉంది కదా అని, పిన్ని మందారం ఫోటోని అంచులు కత్తిరించి బాగుచేద్దామని ముందేసుకుని కూర్చున్నాను.

పిన్ని వాళ్లది పాతపట్నం. మాది ఒడిశా, వాళ్లది ఆంధ్రా, రాష్ట్రం వేరన్న మాటే గానీ, మా ఇంట్లో కూర ఉడికేలోపు అక్కడికి వెళ్లిపోవచ్చు. మొన్న వెళ్లినప్పుడు ఆవిడ పెరట్లో ఎర్రటి రేకమందారం విచ్చి ఉంది. "ఫోటో తియ్యవే, హాల్లో ఫ్రేము కట్టించుకుంటాను" అంది. మందారం పొద్దున్న విచ్చితే సాయంత్రానికి ముడుచుకుపోతుంది. తీయమన్నప్పుడే తీసేయాలి. తీశాను.

పువ్వు బాగా వచ్చింది. మిగతాదే గొడవ. పైన ఎడమ మూల దండెం మీద బాబాయి తెల్ల తువ్వాలు. దాని కిందే అరవిచ్చిన మొగ్గ ఒకటి. అడుగున పసుపు బకెట్టు అంచు. కుడి చివర పచ్చ రంగు గేటు. పువ్వు ఎంత ఎర్రగా ఉన్నా సరే, కన్ను ముందు తువ్వాలు మీదికే పోతోంది. ఫోటోలో అన్నిటికన్నా తెల్లగా, వెలుగ్గా ఉన్నది ఏ మూలనున్నా చూపుని అటే లాగేస్తుంది.

ఈ కత్తిరింపు పని నాకు నేర్పింది మా బజారులో స్టూడియో నడిపే తాతగారు. ఆయన రోల్ ఫిల్ముల కాలం మనిషి. పాత కేలండర్ అట్టని రెండు 'ఎల్' ఆకారాలుగా కోసి పెట్టుకునేవారు. ప్రింటు మీద రెండూ ఎదురెదురుగా పెట్టి దగ్గరికీ దూరానికీ జరుపుతూ, ఎక్కడ బాగుందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టేవారు. తర్వాత డార్క్‌రూములో ఎన్‌లార్జర్ తలని పైకి లేపి అంతవరకే పెద్దది చేసేవారు. "పువ్వుని చూడకమ్మా, నాలుగు అంచులూ చూడు" అనేవారు. ఇప్పుడు ఫోన్‌లో వేలితో మూలలు లాగుతున్నా చేసేది అదే పని.

ముందు బకెట్టు పోయింది. దాంతో పేచీ లేదు. గేటూ పోయింది. కుడివైపు మరీ బిగించలేదు, ఎందుకంటే పువ్వు అటే తిరిగి ఉంది, పుప్పొడి కాడ అటే చాచుకుని ఉంది. ఆ కాడ ముందు కాస్త ఖాళీ ఉండాలి. లేకపోతే పువ్వు గోడకి ముక్కు ఆనించి నిలబడ్డట్టు ఉంటుంది. తెర మీద అడ్డం రెండు, నిలువు రెండు గీతలు వస్తాయి కదా, ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టమనే మూడు వంతుల సూత్రానికి ఆ పేరు పెట్టి 1797లో రాసినవాడు జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండు చిత్రకారుడు. ఆయన రాసింది పల్లె దృశ్యాల గురించి. పువ్వుల దగ్గర ఆ గీతల్ని నేను పెద్దగా పట్టించుకోను. కాడ ఎటు చూస్తోందో అదే నాకు గీత.

అసలు టెన్షన్ తువ్వాలు దగ్గర. చతురస్రంగా కోస్తే తువ్వాలుతో పాటు మొగ్గా పోతుంది. మొగ్గ పోతే మిగిలేది విత్తనాల ప్యాకెట్టు మీద బొమ్మ. పై అంచుని కొంచెమే కిందికి దించితే మొగ్గ తల తెగుతుంది. రేకుల్ని కోయాలంటే ధైర్యంగా లోపలికంటా కోయాలి గానీ, గోటితో గిల్లినట్టు కొస మాత్రం తీసేస్తే పొరపాటున తెగిందనే అనుకుంటారు. మా చెల్లెలి కొడుకు వీడియో కాల్‌లో చూసి "పెద్దమ్మా, తువ్వాలుని తుడిచేసే టూల్ ఉంది" అన్నాడు. తుడిచి చూశాను. తువ్వాలు పోయి దాని చోట చెట్టుకీ గోడకీ చెందని ఆకులు మొలిచాయి. వద్దనుకున్నాను.

చివరికి బొమ్మని కొంచెం పక్కకి వాల్చాను. మనిషో ఇల్లో అయితే ఒరిగినట్టు తెలిసిపోతుంది, కొమ్మకి ఆ బాధ లేదు. అలా వాలేసరికి తువ్వాలు చివరి ముక్క అంచు దాటిపోయింది, మొగ్గ నిలిచింది. అప్పుడు చూస్తే ఎంత బాగుందో!

స్టూడియోలో ఇచ్చే ప్రింట్లు 6×4, 12×8 అంగుళాలు. మన ఫోన్ ఫోటో కొలత 4:3. అలాగే పంపితే మెషీన్ తనకి తోచినట్టు పైనో కిందో కోసేస్తుంది. అందుకే 3:2లో నేనే కోసుకున్నాను. ఫోన్ తీసింది 4000×3000 పిక్సెళ్లు, నా దగ్గర మిగిలింది 2400×1600. అంటే 12 మెగాపిక్సెళ్లలో 4 కూడా లేవు. 6×4కి అది ఎక్కువే. 12×8 బాగా రావాలంటే 3600×2400 కావాలి. గోడ మీద పెట్టి దూరం నుంచి చూసేదే కాబట్టి పరవాలేదులే అనుకుని, వేరే కాపీగా సేవ్ చేసి, సాయంత్రం కరెంటు రాగానే పిన్నికి వాట్సాప్‌లో పంపాను.

క్షణంలో ఫోన్. "పువ్వు బంగారంలా ఉందే. గేటేదీ?"

"ఏ గేటు పిన్నీ?"

"శ్రావణమాసమని మొన్ననే రంగు వేయించాను కదా, కనపడట్లేదేం?"

అసలు ఫోటో చెక్కుచెదరకుండానే ఉంది. మళ్లీ తెరిచి గేటు దాకా అంచు లాగాను. 3:2లో వెడల్పు పెరిగితే ఎత్తూ పెరగాల్సిందే, కిందికి పెంచితే బకెట్టు వస్తుంది, పైకి పెంచితే తువ్వాలు దిగింది. ఎత్తు తగ్గించి సన్నగా పొడుగ్గా కోస్తే గేటు వస్తుంది, తువ్వాలు రాదు. కానీ ఆ కొలతకి మా బజారులో ఫ్రేము దొరకదు. ఇదంతా పిన్నికి ఓపిగ్గా వివరించాను. మొత్తం విని, "తువ్వాలు ఉంటే ఉండనీవే, మీ బాబాయిదే కదా" అంది.