వెర్సాయ్‌లో ఎర్ర మడమల రాజుగారు

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నా పని, హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చే తెలుగు గ్రూపుల్ని పారిస్ చుట్టూ తిప్పడం. వెర్సాయ్ కోట లోపల వివరించేది లైసెన్సు ఉన్న ఫ్రెంచ్ గైడు. నేను ఆవిడ పక్కనే నిలబడి తెలుగులో అందుకుంటాను, మధ్యమధ్యలో తలలు లెక్కపెట్టుకుంటాను. అందరి కళ్ళూ అద్దాల హాలు మీదే. దానికి కాస్త ముందొచ్చే అపోలో గదిలో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ పటం ముందు జనాన్ని ఆపడం నాకు ప్రతిసారీ పరీక్షే.

రిగో అనే చిత్రకారుడు 1701లో వేసిన బొమ్మ అది. అసలుది లూవ్ర్ మ్యూజియంలో ఉంది, ఇక్కడిది దాని ప్రతి. స్పెయిన్ గద్దెనెక్కిన మనవడికి కానుకగా పంపుదామని వేయించి, తీరా చూశాక ముచ్చటపడి తనే ఉంచేసుకున్నాడు రాజు.

"ఏం బాబూ, మగాడికి ఆ హైహీల్సేంటి?" అని అడిగారు మొన్నటి గ్రూపులో ఒక పెద్దాయన. బెజవాడలో బట్టల వ్యాపారం ఆయనది. ఎర్ర మడమలు ఆ దర్బారులో గొప్పింటివాళ్ళకే చెల్లేవని చెప్పాను. కాళ్ళు అంతలా బయటపెట్టడానికీ కారణం ఉంది. కుర్రతనంలో రాజు మంచి డాన్సరు, 1653లో సూర్యుడి వేషం కట్టి ఆడాడు. బొమ్మ నాటికి 63 ఏళ్ళు, పైగా గౌట్ అనే కీళ్ళ జబ్బు నొప్పులు. పళ్ళు పోయి నోరు లోపలికి పీక్కుపోయిన సంగతి రిగో దాచలేదు, కాళ్ళు మాత్రం పాతికేళ్ళ కుర్రాడివి పెట్టాడు. కిరీటం పక్కన దిండు మీద ఉంది, నడుముకి పాతకాలపు చక్రవర్తి షార్లమేన్‌దని చెప్పుకునే కత్తి. రాజదండాన్నేమో తలకిందులు చేసి చేతికర్రలా ఆనించాడు. నాకు భలే నచ్చేది అదే. అధికారం బాగా అలవాటైపోయినవాడి ధీమా అది.

పెద్దాయన చూపు మాత్రం బట్ట మీదే. పైన నీలం వస్త్రం నిండా బంగారు లిల్లీ పూలు, లోపల ఎర్మిన్ అనే ముంగిసలాంటి చిన్న జంతువు తెల్లటి బొచ్చు. దాని మీది నల్ల మచ్చలు ఆ జంతువు తోక కొసలు. "చూశావా, లైనింగ్ కనబడేలా మడత తిప్పాడు. మేం కౌంటర్ మీద చీర పరిచి చూపించినట్టే" అన్నారు. గైడుకి చెబితే పకపకా నవ్వింది.

ఈ గదిలో ఒకప్పుడు వెండి సింహాసనం ఉండేది. యుద్ధం ఖర్చులకి 1689లో కరిగించేశారు.

బస్సు డ్రైవరు డ్యూటీ టైం దాటిపోతుందని నా టెన్షన్ నాది. పెద్దాయన కదలరే! "ఇంత పూలపనీ ఒక్కడే వేశాడా?" లేదండీ, బట్టలూ లేసులూ వేయడానికి రిగో దగ్గర సహాయకులు ఉండేవాళ్ళు, ఎవరికి ఎంత ఇచ్చిందీ లెక్కల పుస్తకంలో రాసేవాడు అన్నాను.

"పద్దు రాశాడా, అయితే మంచోడే" అంటూ అప్పుడు కదిలారు.